దెయ్యాల కొంపలో ఒక రాత్రి: గోదావరి డెల్టాలో పాత కట్టడాలను పరిశీలించే పద్ధతి

లాకుల దగ్గర పాడుబడిన ఇన్‌స్పెక్షన్ బంగళాలో అర్ధరాత్రి దొరగారి బూట్ల చప్పుడు వినిపిస్తుందనీ, ఎవరూ కాపురం లేని మండువా లోగిలిలో ఉయ్యాల బల్ల దానంతటదే ఊగుతుందనీ చెప్పుకోని ఊరు మన డెల్టాలో అరుదు. ఈ కథల వెంట కెమెరాలు పట్టుకొని తిరిగే కుర్రాళ్ల బృందాలు ఈమధ్య బాగా పెరిగాయి. వారిలో చాలామంది ఒక గంట చీకట్లో తిరిగి, ఒకరినొకరు భయపెట్టుకొని, ఆ భయాన్నే వీడియోగా తీసుకొని ఇంటికి పోతారు. ఆ వినోదంతో నాకు పేచీ లేదు గాని, దాన్ని పరిశోధన అంటేనే అభ్యంతరం. నలుగురైదుగురు కలిసి ఒక పాత కట్టడంలో ఒక రాత్రి మెలకువగా కూర్చొని, తెల్లవారాక పదిమంది ముందు పెట్టగలిగిన నివేదిక రాయాలనుకునేవారికి పనికివచ్చే పద్ధతిని ఇక్కడ వరుసగా చెబుతాను. దెయ్యం ఉందని వాదించడానికి గాని, లేదని ప్రమాణం చేయడానికి గాని నేను సిద్ధంగా లేను. ప్రతి ఇంటికీ దానిదైన ఒక మామూలు రాత్రి ఉంటుంది. ఆ మామూలు రాత్రి ఎలా ఉంటుందో తెలియనివారికి ఏది వింతో చెప్పే అర్హత లేదన్నదే నా మాట.

ఈ పని మనతో మొదలైనది కాదు. లండన్‌లో ఘోస్ట్ క్లబ్ 1862లోనూ, సొసైటీ ఫర్ సైకికల్ రీసెర్చ్ 1882లోనూ ఏర్పడ్డాయి. హ్యారీ ప్రైస్ అనే ఆయన 1937లో బోర్లీ అనే పల్లెలో దెయ్యాలున్నాయని పేరుపడిన మతాధికారి నివాసాన్ని ఏడాదిపాటు అద్దెకు తీసుకొని, పత్రికలో ప్రకటన ఇచ్చి పరిశీలకులను చేర్చుకొని, ఏది ఎలా నమోదు చేయాలో చెప్పే చిన్న కరదీపిక అచ్చువేయించి వారి చేతికి ఇచ్చాడు. అంత పకడ్బందీగా చేసిన పనిని కూడా 1956లో ఆ సొసైటీకి చెందినవారే తిరిగి పరీక్షించి, ప్రైస్ తేల్చిన సంగతులను గట్టిగా తప్పుబట్టారు. మన దేశంలో గౌరవ్ తివారీ 2009లో ఇండియన్ పారానార్మల్ సొసైటీని స్థాపించాక ఈ ఆసక్తి పట్టణాల యువతలో వ్యాపించింది. అయితే ఊరి నమ్మకాన్ని నిలదీసి అడిగే అలవాటు గోదావరి వారికి అంతకంటే పాతది. వీరేశలింగం పంతులుగారు 1874లో వివేకవర్ధని పత్రికను మొదలుపెట్టింది ఈ గోదావరి సీమలోనే గదా.

మొదటి పని: కట్టడాన్ని ఎంచుకొని, అనుమతి కాగితం చేతపట్టుకోవడం

ఎవరిదో తెలియని కట్టడం ఉండదు. యజమాని కనబడని కట్టడం మాత్రమే ఉంటుంది. కాలువగట్టు బంగళా అయితే అది జలవనరుల శాఖది కాబట్టి ఆ సెక్షన్ ఇంజనీరు ద్వారా ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) గారికి అర్జీ పెట్టుకోవాలి. మండువా ఇల్లయితే వారసులు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. తాళంచెవి దగ్గర ఉన్న దూరపు బంధువు సరేనంటే సరిపోదు, వాటాదారులలో ఒకరి సంతకమైనా ఉండాలి. యానాంలోని ఫ్రెంచివారి కాలపు కట్టడాలపై మనసుపడితే, ఆ ఊరు చుట్టూ ఆంధ్ర నేల ఉన్నా పుదుచ్చేరి పాలనలోనిదని మరవకుండా అర్జీ అక్కడి అధికారులకే పెట్టాలి. ద్రాక్షారామం, సామర్లకోట వంటి చోట్ల ఉన్నవి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న, నిత్యపూజలు జరిగే ఆలయాలు. వాటిని ఈ పనికి తలపెట్టనే వద్దు. దెయ్యాల కోటగా దేశమంతా పేరుమోసిన రాజస్థాన్‌లోని భాన్‌గఢ్‌లో సైతం సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ప్రవేశించరాదని ఆ శాఖవారి బోర్డే ఉంటుంది. అనుమతి లేకుండా గోడ దూకితే అది భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షను కింద అక్రమ ప్రవేశం అవుతుంది. శ్మశానాలకూ సమాధి తోటలకూ వేరే సెక్షనే ఉంది గనుక వాటి జోలికి పోకండి.

చట్టం కంటే ముందు ఊరు మిమ్మల్ని పట్టుకుంటుంది. పాత కట్టడంలో రాత్రిపూట లైట్లు కనబడితే మన పల్లెల్లో ముందుగా వచ్చే అనుమానం గుప్త నిధుల తవ్వకం, తర్వాతది చేతబడి. రెండింటిలో ఏది వచ్చినా మీ మాట వినే ఓపిక ఎవరికీ ఉండదు. అందుచేత సర్పంచికి, గ్రామ సచివాలయంలోని మహిళా పోలీసుకు, మండల పోలీసు స్టేషనుకు తేదీ, సమయం, మీ పేర్లు, బండి నంబర్లు రాసిన కాగితం రెండు రోజుల ముందే ఇచ్చి, అందినట్టు నకలు మీద సంతకం తీసుకోండి. పార, గునపం, నిమ్మకాయలు, కుంకుమ, అగరొత్తులు మీ సంచిలో ఉండకూడదు. భూమిలో పాతిన వస్తువేదైనా కనబడితే తాకకుండా తహసీల్దారుకు చెప్పండి. పది రూపాయల విలువ దాటిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు తెలియజేయాలన్న 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఉంది.

ఈ విషయంలో మాకు తగిలిన దెబ్బ చెప్పాలి. ఎవరైనా నడిస్తే అడుగుల గుర్తు పడుతుందన్న ఆలోచనతో, మా మొదటి రోజుల్లో ఒక ఖాళీ ఇంటి గడప లోపల ముగ్గుపిండి పలచగా చల్లాము. గుర్తులు పడ్డ మాట నిజమే. మానుపిల్లి అడుగులు వరుసగా, ముచ్చటగా పడ్డాయి. కాని తెల్లవారి పాలు పోయడానికి అటుగా వెళ్లినావిడ గడపలో తెల్లటి పిండినీ, మధ్యలో మేము కొలతకు పెట్టిన ఎర్రటి దారాన్నీ చూసి కేక పెట్టింది. పది నిమిషాల్లో ముప్పై మంది పోగయ్యారు. సర్పంచిగారు మా కాగితం తీసి చదివి వినిపించి ఉండకపోతే ఆ ఉదయం ఎలా ముగిసేదో చెప్పలేను. అప్పటినుంచి టాల్కం పౌడరును ఇనుప ట్రేలో పోసి, లోపలి గదిలో మాత్రమే పెడుతున్నాము, వెళ్లేటప్పుడు తుడిచి మరీ వస్తున్నాము.

రెండవ పని: కథను విడివిడిగా వినడం

చూశామన్నవారిని అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి అడిగితే మీకు ఒక్కటే కథ దొరుకుతుంది, అదీ గొంతు పెద్దగా ఉన్నవారిది. ఒక్కొక్కరిని విడిగా కలవండి. "అక్కడ తెల్లచీర ఆవిడ కనబడిందటగా" అని మీరే అందించకుండా, "ఆ రోజు ఏం జరిగిందండీ?" అని అడిగి ఊరుకోండి. వారు స్వయంగా చూసినదానికీ, ఇతరులు చెప్పగా విన్నదానికీ నోటుపుస్తకంలో వేర్వేరు పేజీలు ఉంచండి. రెండో పేజీ ఎంత త్వరగా నిండుతుందో చూసి మీరే ఆశ్చర్యపోతారు.

ఎప్పుడు జరిగిందని అడిగితే తేదీ ఎవరికీ గుర్తుండదు. "ఎనభై ఆరు వరదకు ముందా, తర్వాతా? తొంభై ఆరు తుపానుకు ముందా?" అని అడగండి. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు 6 తుపాను ఈ ప్రాంతంలో పెద్దవారి జ్ఞాపకానికి మైలురాళ్లు, కోనసీమలో మరీను. ఆ మాటతో కథ కాలంలో ఒకచోట నిలబడుతుంది. చాలాసార్లు ఆ ఇంట్లో నిజంగా జరిగిన మరణం, కథలో చెప్పే మరణం వేర్వేరు దశాబ్దాలవని తేలుతుంది. ఇంటి చరిత్రకు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ, అంటే ఆస్తి లావాదేవీల పత్రం, తీయించవచ్చు, 1907 నాటి హెమింగ్‌వే గోదావరి జిల్లా గెజిటీరు తిరగేయవచ్చు, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలో పాత పత్రికలు అడగవచ్చు. కాలువగట్టు బంగళాలో 1830లలో దొర చనిపోయాడని ఎవరైనా చెబితే, ధవళేశ్వరం ఆనకట్ట పని కాటన్ దొర ఆధ్వర్యంలో మొదలైందే 1847లో అని, దాని కాలువ మీది లాకు బంగళా అంతకంటే పాతది కాలేదని గుర్తు తెచ్చుకోండి.

కథ చెప్పినవారిలో ఇంకా దుఃఖంలో ఉన్నవారు ఉంటారు. పోయినవారు ఒకరి కూతురో, తోడికోడలో అయి ఉంటారు. అలాంటి ఇంటిని మేము వదులుకుంటాము. కనీసం రెండు తరాలైనా గడవని మరణాన్ని పరిశోధన పేరుతో కెలకడం నాకు సమ్మతం కాదు.

మూడవ పని: పగటిపూట ఇల్లంతా తిరగడం

రాత్రి పని సగం పగలే అయిపోతుంది. సాయంత్రం నాలుగు గంటలకు ముందే చేరి, చేతిగీతతో ఇంటి పటం వేసుకోండి: వీధి అరుగు, సావిడి, మండువా, వంటిల్లు, పెరడు, అటక, నుయ్యి. ప్రతి గదికీ ఒక అంకె ఇవ్వండి. తలుపులన్నిటినీ ఒకసారి తెరిచి వదిలి, ఏది దానంతటదే మూసుకుంటుందో, ఏ గడియ వదులుగా ఉందో, ఏ కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటుందో రాసుకోండి. డెల్టా నేల మెత్తన; పునాది ఒక పక్కకు దిగిన ఇళ్లలో గుమ్మాలు వాలి ఉంటాయి, తలుపులు వాటంతటవే జరుగుతాయి. ఒక గోలీని గచ్చు మీద పెడితే నేల వాలు ఎటో చెబుతుంది.

అటకనూ మిద్దెనూ నమ్మవద్దు. చెదలు తిన్న దూలం పైకి బాగానే కనబడుతుంది. కర్రతో తడితే డొల్ల చప్పుడు వస్తుంది. అలాంటి గదిని తాడు కట్టి మూసేయండి. చెక్క మెట్లు ఎక్కక తప్పకపోతే గోడవైపు అంచున, ఒకరి తర్వాత ఒకరు ఎక్కాలి. గబ్బిలాల రెట్ట పేరుకున్న గదిలో మాస్కు లేకుండా కాలు పెట్టవద్దు. ఎండిన రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. నూతికి మూత లేకపోతే చుట్టూ మంచాలో బల్లలో అడ్డం పెట్టండి. పాముల సంగతి మన వారికి చెప్పనక్కరలేదు గాని, కట్లపాము రాత్రిపూట కరుస్తుందనీ, కాటు దగ్గర నొప్పి అంతగా ఉండదనీ గుర్తుంచుకోండి. చీమ కుట్టిందనుకొని ఊరుకోకుండా, కట్టు బిగించకుండా, కోయకుండా, కాలు కదలనీయకుండా వెంటనే 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు మందు ఉండే ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి. ఆ ఆసుపత్రి ఎన్ని కిలోమీటర్లో, మందు ఉందో లేదో పగలే కనుక్కోండి. ఈ ఒక్క ఫోను చేయని బృందంతో నేను రాత్రికి కూర్చోను.

సామాను

కావలసినవి చాలా తక్కువ. మనిషికొక నోటుపుస్తకం, పెన్సిలు, ఎర్ర సెలోఫేన్ కాగితం చుట్టిన టార్చి, విడిగా తెల్ల వెలుగు టార్చి, బూట్లు, ఒకే సమయం పెట్టుకున్న చేతి గడియారాలు, గదికొక మామూలు థర్మామీటరు, రెండు ధ్వని రికార్డర్లు, కదలకుండా నిలబెట్టడానికి ఒక కెమెరా. కొవ్వొత్తులు వద్దు; పాత ఇళ్లలో ఎండుటాకులు, కొబ్బరి పీచు, కర్ర కలిసి అగ్గికి సిద్ధంగా ఉంటాయి.

కొనమని అందరూ చెప్పే రెండు పరికరాల గురించి నిజం చెప్పాలి. మెరిసే లైట్ల ఈఎంఎఫ్ మీటరు కరెంటు తీగల చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని కొలవడానికి ఎలక్ట్రీషియన్లకు పనికివచ్చేది. అది 50 హెర్ట్జ్ వైరింగుకు స్పందిస్తుంది, పక్కవారి జేబులో ఫోను మోగబోయే ముందు కూడా స్పందిస్తుంది. దెయ్యానికి స్పందిస్తుందని ఎవరూ నిరూపించలేదు. అయినా పాత ఇళ్లలో గోడల్లో కరెంటు పారే తీగలు ఎక్కడున్నాయో కనిపెట్టడానికి దాన్ని వాడుకోండి. ఇక తుపాకీ ఆకారపు థర్మామీటరు, అంటే కరోనా రోజుల్లో నుదుటికి చూపించిన జాతిది, గాలి వేడిని కొలవదు. ఎదురుగా ఉన్న వస్తువు ఉపరితలం వేడినే చెబుతుంది. గదిలో దాన్ని అటూ ఇటూ తిప్పి తడిగోడ మీద నాలుగు డిగ్రీలు తగ్గగానే "చల్లని ఉనికి" అని అరిచినవారిని నేను చాలాసార్లు చూశాను. నది దగ్గరి ఊళ్లలో సున్నపు గోడ నేలలోని తేమను పీల్చి అడుగుభాగంలో ఎప్పుడూ చల్లగానే ఉంటుంది.

ప్లాంచెట్, అంటే ఆత్మలు జవాబు చెబుతాయని అక్షరాల మధ్య గ్లాసు తిప్పే బల్ల, తేవద్దు. గ్లాసు మీద వేళ్లు పెట్టినవారికి తెలియకుండానే వారి కండరాలే దాన్ని తోస్తాయని, బల్లలు తిరిగే ముచ్చట మీద మైకేల్ ఫారడే 1853లోనే ప్రయోగం చేసి చూపించాడు. మీ రికార్డుకు అది కలిపేది ఏమీ లేదు, బృందంలో బెదురు స్వభావం ఉన్నవారికి మాత్రం నెలల తరబడి నిద్ర పోగొడుతుంది.

నాలుగవ పని: రాత్రి కూర్చోవడం

రోజును ఎంచుకోవడంలోనే సగం విజయం ఉంది. అమావాస్య వద్దు, ఆ రోజు మీరు కనబడితే ఊరు మరో కథ అల్లుకుంటుంది. సంక్రాంతి మూడు రోజులూ మైకుల మోత, ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడి మైకు, శ్రావణ భాద్రపదాలలో వాన. మాఘ ఫాల్గుణాలు మంచివి: నేల ఆరి ఉంటుంది, గాలి నెమ్మదిగా ఉంటుంది, కాలువలు ఇంకా కట్టేయరు.

ఆరుగురి కంటే ఎక్కువ వద్దు. ఇద్దరిద్దరుగా గదికొక జంట. ఎవరూ ఒంటరిగా కూర్చోకూడదు. జంటలో ఒకరికి ఆ గది కథ తెలిసి ఉంటే, రెండోవారికి తెలియకుండా ఉంచండి. నలభై నిమిషాలు కదలకుండా కూర్చొని, పది నిమిషాలు వీధి అరుగు మీద టీ తాగి, గదులు మార్చుకోవాలి. ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఒక్క ఫోను మాత్రం అత్యవసరానికి అరుగు మీద ఉండాలి. గుసగుసలాడవద్దు, మాట్లాడవలసి వస్తే మామూలు గొంతుతో మాట్లాడండి; మీ గుసగుసే రేపు రికార్డరులో ఎవరిదో ఆత్మ గొంతు అవుతుంది. కడుపు గరగరలాడితే, కుర్చీ కిర్రుమంటే ఆ క్షణమే "అది నేను" అని పైకి చెప్పండి. చప్పుడు వినగానే పరుగెత్తవద్దు. గంట, నిమిషం, దిక్కు, ఎన్నిసార్లు, దేనిలా ఉంది అన్నవి ముందు రాయాలి. పక్కవారిని "విన్నావా?" అని అడగవద్దు. వారు తమ పుస్తకంలో రాసిందీ మీరు రాసిందీ విరామంలో పోల్చి చూడండి. పోల్చక ముందు, రాసినదాన్ని తర్వాత మార్చడానికి వీల్లేకుండా దాని కింద పెన్నుతో గీత గీయండి.

ఇంకొక పని ఉంది. దీన్ని ఎవరూ చేయరు, నేను మాత్రం అన్నిటికంటే విలువైనదిగా భావిస్తాను. ఏ పేరూ పడని, అదే వయసు, అదే కట్టుబడి ఉన్న మరొక ఇంట్లో కూడా ఇదే పద్ధతిలో ఒక రాత్రి కూర్చోండి. మేము అలా కూర్చున్న మొదటి రాత్రి ఆ "మంచి" ఇంట్లో నలభై మూడు చప్పుళ్లు నమోదయ్యాయి. దెయ్యాల కొంపలో వచ్చినవి ముప్పై ఎనిమిది.

చప్పుళ్లకూ వెలుగులకూ మన నేలలో ఉన్న కారణాలు

టేకు వాసాలూ పెంకులూ పగటి ఎండకు వ్యాకోచించి, పొద్దుగూకిన తర్వాత చల్లారుతూ టిక్కు టిక్కుమంటాయి. ఈ చప్పుడు సాయంత్రం జోరుగా ఉండి అర్ధరాత్రికి తగ్గుతుంది. తగ్గకుండా పెరిగితే వేరే కారణం వెతకాలి. పెంకుల మీద నడక వినిపిస్తే మానుపిల్లి. దాని నడక మనిషి నడకలా బరువుగానే ఉంటుంది. ఒక లాకు బంగళాలో అటక మీద ఎవరో గురకపెట్టి నిద్రపోతున్నట్టు ఎడతెగని శ్వాస వినిపించి మా వాళ్లలో ఇద్దరు అరుగు మీదకు వచ్చేశారు. తెల్లవారాక నిచ్చెన వేసి చూస్తే, తెల్లటి ముఖాలతో మూడు గుడ్లగూబ పిల్లలు మెడలు తిప్పుతూ మమ్మల్ని చూశాయి. తల్లి మేత తెచ్చే వరకు అవి అలాగే బుసగొడతాయి.

మరొకచోట రాత్రి రెండుంబావుకు పెంకుల మీద పిడుగు పడినట్టు ధనామని మోగి, తర్వాత ఏదో దొర్లుకుంటూ పోయింది. అది భాద్రపదం, మేము చేసిన తప్పు ఎంపిక. అందరం కొయ్యబారి కూర్చున్నాము. గేటు దగ్గర మంచం మీద పడుకున్న కాపలా పెద్దాయన దుప్పటి కూడా తీయకుండా, "ఆయ్, తాటిపండండీ, పొద్దున్నే ఏరుకుంటాను, పడుకోండి బాబూ" అన్నాడు. మా పరికరాలన్నీ కలిపి ఆ మాటకు సరితూగలేదు. కాబట్టి కాపలాదారును మీ బృందంలో సభ్యుడిగా లెక్కించి, ఆయన చెప్పింది కూడా సమయంతో సహా రాసుకోండి, ఆయన రాత్రికి తగిన కూలి ఇవ్వండి.

పశ్చిమ డెల్టాలో రొయ్యల చెరువులు వచ్చాక రాత్రి శబ్దాల తీరే మారిపోయింది. చెరువు నీటిలో ప్రాణవాయువు రాత్రి గడిచేకొద్దీ తగ్గి తెల్లవారుజామున అడుగంటుతుంది గనుక, ఏరియేటర్ల చక్రాలు అర్ధరాత్రి దాటాక జోరుగా తిరుగుతాయి. కరెంటు పోతే డీజిల్ జనరేటర్లు అందుకుంటాయి. ప్రశాంతమైన రాత్రి నేల దగ్గరి గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉండడం వల్ల శబ్దం పైకి పోకుండా కిందికి వంగి దూరం ప్రయాణిస్తుంది. కిలోమీటరు అవతలి చక్రాల నీటి చప్పుడు పెరట్లో ఎవరో చీర ఉతుకుతున్నట్టు వినబడుతుంది. "అర్ధరాత్రి బట్టలుతికే ఆడమనిషి" కథ ఎక్కడ విన్నా, ఆ కథ చెరువులకంటే పాతదా కొత్తదా అని తప్పక అడగండి.

చెవికి అందనంత మంద్రమైన శబ్దం వల్ల కూడా గుండె బరువెక్కినట్టు అనిపించవచ్చని ఒక వాదన ఉంది. ఇంగ్లండులో విక్ టాండీ అనే ఇంజనీరు తన ప్రయోగశాలలో చెమటలు పట్టి, కంటి అంచున బూడిదరంగు ఆకారం కనబడగా భయపడ్డాడు. మర్నాడు వైసులో బిగించిన కత్తిసాము కత్తి దానంతటదే వణకడం చూసి వెతికితే, కొత్తగా పెట్టిన ఫ్యాను సెకనుకు 19 సార్ల కంపనాన్ని పుట్టిస్తున్నట్టు తేలింది. 1998లో ఆయన దీన్ని వ్యాసంగా ప్రచురించాడు. తర్వాత ఇతరులు చేసిన ప్రయోగాల ఫలితాలు ఒకే తీరుగా రాలేదు గనుక దీన్ని తాళంచెవిలా ప్రతి తాళానికీ వాడకండి. అయినా దగ్గరలో జనరేటరు, రైసు మిల్లు, డ్రైనేజీ పంపు ఉంటే పటంలో గుర్తించండి.

వెలుగుల విషయానికి వస్తే, పొలంలో కదిలే మంటను మనవారు కొరివి దెయ్యం అన్నారు. చాలాసార్లు అది పీతలకో చేపలకో తిరిగేవారి హెడ్‌లైటు. కార్తీకంలో తెల్లవారకముందే ఆడవారు అరటి దొప్పల్లో వదిలిన దీపాలు కాలువ వెంట మలుపు తిరిగి, మనిషి జాడలేని చోట తేలుతూ కనిపిస్తాయి. కోనసీమలో ఉత్తరం దిక్కునో దక్షిణం దిక్కునో మబ్బులు ఎర్రగా కందితే గ్యాసు బావి దగ్గరి మంట ఉందేమో అడగండి. ఫొటోలలో తేలే గుండ్రని తెల్లచుక్కలు మాత్రం చర్చకే తగవు: ఫ్లాష్ వెలుగులో లెన్సుకు అతి దగ్గరగా వచ్చిన దుమ్ము, దోమ, రాలిన సున్నపు పొడి అవి. నమ్మనివారి కోసం, గోడను వేలితో గీకి ఒకసారి ఫొటో తీసి చూపించండి, వంద "ఆత్మలు" వస్తాయి.

రికార్డరులో గొంతు వినబడిందనుకుంటే, అది ఏమంటోందో ఎవరికీ చెప్పకుండా ఆ ముక్కను ఐదుగురికి విడివిడిగా వినిపించి, వారు విన్నది కాగితం మీద రాయమనండి. "వెళ్లిపో" అని మీకు స్పష్టంగా వినబడినది ఒకరికి "ఎల్లమ్మ" అనీ, ఇంకొకరికి కుక్క అరుపు అనీ వస్తే ఆ ముక్కను సాక్ష్యాల జాబితా నుంచి తీసేయాలి.

టికెట్టు పెట్టి జనాన్ని పిలిస్తే

ఇంగ్లండు అమెరికాల్లో పాత జైళ్లలో, కోటల్లో టికెట్టు పెట్టి దెయ్యాల రాత్రులు నడపడం పెద్ద వ్యాపారం. మన దగ్గర అది చేయాలంటే యజమానితో రాతపూర్వకమైన ఒప్పందం, పోలీసులకు సమాచారం, స్త్రీలకు వేరే మరుగుదొడ్డి, ఒక ప్రథమ చికిత్స తెలిసిన మనిషి, పదిహేను మందికి మించని జట్టు ఉండాలి. మద్యం తాగినవారిని గేటు దగ్గరే ఆపి డబ్బు వెనక్కు ఇచ్చేయండి. గుండె జబ్బు ఉన్నవారిని, గర్భవతులను, పద్దెనిమిదేళ్లు నిండనివారిని తీసుకోవద్దు. లైటింగు కోసం జనరేటరును అరుగు మీద గాని, సావిడిలో గాని పెట్టకండి. దాని పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. అమెరికాలో ఒక కుటుంబం తమ ఇంట్లో అడుగుల చప్పుళ్లూ, వింత ఆకారాలూ ఉన్నాయని బాధపడితే, అసలు కారణం ఇల్లు వెచ్చబెట్టే పాడైన పొయ్యి (ఫర్నేసు) నుంచి వచ్చే ఆ వాయువేనని 1921లో ఒక కంటి వైద్యుడు వైద్య పత్రికలో రాశాడు.

వచ్చినవారిని ఉత్సాహపరచడానికి దారం లాగి కిటికీ కొట్టించడం, తోటి వాడిని అటక మీద దాచడం వంటివి చేస్తే మీ మీద ఉన్న నమ్మకం ఆ రాత్రితోనే పోతుంది, రాత్రి చీకట్లో మెట్ల మీద తొక్కిసలాట కూడా జరుగుతుంది. ఏమీ జరగకపోవచ్చని టికెట్టు మీదే అచ్చువేయండి. వసూలైనదానిలో సగమైనా ఆ కట్టడం పెంకుల మరమ్మతుకు పోవాలన్నది నా అభిప్రాయం. పెంకు జారితే నీరు దిగి, దూలం చివికి, రెండు వానాకాలాల్లో మండువా కూలిపోతుంది.

చివరి పని: నివేదిక

తెల్లవారాక నిద్రపోకముందే, విన్నవి విన్నట్టు ఒక పట్టిక రాయండి: సమయం, గది, ఏం జరిగింది, ఎవరు విన్నారు, ఎవరు వినలేదు, కారణం. వినలేదన్నవారి పేరు రాయడం మరవద్దు, అందరూ మరిచేది అదే. కారణం గడిలో మూడు మాటలే వాడండి: తెలిసింది, అనుమానం, తెలియలేదు. "తెలియలేదు" అన్నచోట దెయ్యం అని రాయకూడదు.

ఒక ప్రతి యజమానికి ఇచ్చి, వారు ఒప్పుకుంటే తప్ప ఊరి పేరు, ఇంటి ఫొటో బయటపెట్టవద్దు. దెయ్యాల కొంప అన్న ముద్ర పడిన ఇంటికి అద్దెకు వచ్చేవారుండరు, కొనేవారుండరు. పక్కింటి పిల్ల సాయంత్రం ట్యూషన్ నుంచి ఒంటరిగా రాలేదు.

మా పుస్తకంలో "తెలియలేదు" అని ఒక వరుస ఉంది. ఫాల్గుణంలో ఒక మండువా ఇంట్లో రాత్రి 3 గంటల 10 నిమిషాలకు సావిట్లోని ఉయ్యాల బల్ల గొలుసు నాలుగుసార్లు కిర్రుమంది. ఇద్దరు విన్నారు, ఒకరు వినలేదు. గాలి లేదు, ట్రేలో అడుగులు లేవు, కెమెరా అటు తిరిగి లేదు. ఆ తర్వాత ఆ ఇంటికి రెండుసార్లు వెళ్లి, కెమెరాను ఉయ్యాల వైపే పెట్టి, అదే గంటకు కూర్చున్నాము. గొలుసు కదలలేదు. మాఘంలో మూడోసారి వెళ్లడానికి యజమానికి ఉత్తరం రాశాము.